ఫ్యాను రెక్క మీద దుమ్ము

పోయిన ఆదివారం మా ఇంట్లో ఫ్యాన్లు తుడిచే కార్యక్రమం పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అనటం మాటవరసకే. పెట్టింది మా ఆవిడ, స్టూలెక్కింది నేను, స్టూలు పట్టుకున్నది మా మనవడు. డెబ్బయ్యేళ్లు దాటినవాణ్ణి స్టూలెక్కించటం న్యాయమేనా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. "ముప్ఫయ్యేళ్లు రైలింజన్లెక్కి దిగిన మనిషికి స్టూలొక లెక్కా?" అన్నదావిడ. పొగడ్తలో చుట్టి ఇచ్చిన ఆజ్ఞకి ఎదురు చెప్పటం ఎవరి తరం?

మాది సీతాఫల్‌మండి. పేరుకి సీతాఫలాల మండీ. మా ఇంట్లో మాత్రం ఏడాది పొడుగునా నిలవుండే సరుకు దుమ్మొక్కటే. స్టేషను దగ్గరే కావటంచేత తెల్లవారింది మొదలు రాత్రి దాకా రైళ్లు పోతూనే వుంటాయి, కిటికీలోంచి దుమ్ము వస్తూనే వుంటుంది. తడిగుడ్డతో ఒక రెక్క తుడిచేసరికి గుడ్డ కాటుక రంగుకి వచ్చింది. మావాడు తల పైకెత్తి చూస్తూ, "తాతయ్యా, ఈ ఫ్యాను రోజంతా గిర్రున తిరుగుతుంది గదా! బల్లమీద కాయితాలన్నీ ఎగరగొడుతుంది. మరి దాని రెక్క మీది దుమ్ము ఎందుకెగిరిపోదు?" అన్నాడు.

నేను గుడ్డ పట్టుకుని అల్లాగే నిలబడిపోయాను. జవాబు తెలియక కాదు. ఆ జవాబు సుమారు నలభై యేళ్ల క్రితం నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ ఆలస్యానికి ఖరీదు నేను చెల్లించలేదు, మరొకడు చెల్లించాడు. ఆ సంగతి తరవాత చెపుతాను. ముందు దుమ్ము సంగతి చూద్దాం.

ఈ పరీక్ష మీరూ ఇంట్లో చెయ్యవచ్చు. నున్నటి బల్ల మీద ముఖానికి రాసుకునే పౌడరు చిటికెడు చల్లి, గట్టిగా ఊదండి. పైపై పౌడరంతా ఎగిరిపోతుంది. కాని బల్లని అంటుకుని ఒక పల్చని తెర మిగిలిపోతుంది. బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదినా అది కదలదు. వేలితో ఒక్కసారి రాస్తే మాత్రం వచ్చేస్తుంది. ఎందుకని? గాలి ఎంత జోరుగా వీచినా, వస్తువుని ఆనుకున్న గాలి మాత్రం ఆ వస్తువుకే అంటిపెట్టుకుని వుంటుంది. వెంట్రుక వాసి పైకి వస్తే కాస్త కదులుతుంది. ఇంకాస్త పైకి వస్తే ఇంకాస్త వేగం. అల్లా కొంత మందం పైకి వచ్చిన తరవాతే అసలు గాలి వేగం అందుకుంటుంది. ఈ మందకొడి గాలిపొర చాటున సన్నటి దుమ్ము హాయిగా కాపురం పెడుతుంది. ఫ్యాను రెక్క మీదా జరిగేది ఇదే. ముందంచు గాలిని ఢీకొంటూ పోతుంది కనక అక్కడ దుమ్ము మరీ దట్టంగా పేరుకుంటుంది. ఈసారి తుడిచేటప్పుడు చూడండి.

ఇంత చిన్న విషయం పెద్ద పెద్ద గణితవేత్తలకి చాలా కాలం కొరుకుడు పడలేదు. గాలికి జిగట లేదనుకుని వాళ్లు లెక్కలు కట్టేవారు. ఆ లెక్క ప్రకారం గాలిలో పోయే వస్తువుకి గాలి అడ్డే తగలకూడదు! ఎదురుగాలిలో సైకిలు తొక్కిన కుర్రవాడెవడైనా ఆ లెక్క తప్పని చెప్పగలడు. తప్పెక్కడుందో చెప్పినవాడు లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మను ఆచార్యుడు. 1904 ఆగస్టులో హైడెల్‌బర్గులో జరిగిన గణితవేత్తల మహాసభలో, ఇరవై తొమ్మిదేళ్ల వయస్సులో, ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. గాలికి జిగట తక్కువే. కాని వస్తువుని ఆనుకున్న పల్చటి పొరలో ఆ కొంచెం జిగటే సర్వాధికారం చెలాయిస్తుందన్నాడు. తరవాత వచ్చిన విమానశాస్త్రమంతా ఆ పది నిమిషాలకి ఋణపడి వుంది.

సరే, ఫ్యానుకీ రైలింజనుకీ విమానానికీ సంబంధమేమిటంటారా? కంప్రెసరు. గాలిని కూరి కూరి ఒత్తిడి పెంచే యంత్రం. జెట్ విమానం ఇంజనులో ముందు భాగమంతా అదే. తిరిగే రెక్కల వరస ఒకటి, దాని వెనక కదలని రెక్కల వరస ఒకటి, మళ్లీ తిరిగేది, మళ్లీ కదలనిది - ఇల్లా ఒకదాని వెనక ఒకటి. తిరిగే వరస గాలిని తోస్తుంది. కదలని వరస ఆ గాలి వేగాన్ని తగ్గించి ఒత్తిడిగా మారుస్తుంది. మన ఇంటి ఫ్యాను గాలిని ఖాళీగా వున్న గదిలోకి తోస్తుంది కనక దాని పని సుళువు. కంప్రెసరు మాత్రం అప్పటికే గాలి కిక్కిరిసిన చోటికి ఇంకా గాలిని తొయ్యాలి.

పండగ రోజుల్లో సికింద్రాబాదు స్టేషనులో జనరల్ పెట్టె ఎక్కినవారికి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. నిండిన పెట్టెలోకి ఇంకా పదిమందిని తోస్తున్నారనుకోండి. ద్వారం మధ్యలో వున్న బలశాలులు ఎల్లాగో చొచ్చుకుపోతారు. ద్వారం అంచున, ఊచ పట్టుకుని, చేతిలో ట్రంకు పెట్టెతో ఒక ముసలాయన వుంటాడు. ఆయనకి స్వంత బలం లేదు. పక్కవాళ్ల తోపుడుతోనే నాలుగడుగులు వేస్తాడు. లోపలి నుంచి ఎదురు తోపుడు ఎక్కువయితే మొదట ఆయన ఆగిపోతాడు. తరవాత వెనక్కి జరుగుతాడు. ఆయన ట్రంకు పెట్టె అడ్డం పడి మొత్తం ద్వారమే మూసుకుపోతుంది. రెక్కని ఆనుకున్న మందకొడి గాలిపొర ఆ ముసలాయన లాంటిది. ఒత్తిడి మితంగా పెరిగితే పక్క గాలి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. మితిమీరితే ఆ పొర ఆగి, వెనుదిరిగి, రెక్కని వదిలేసి సుడులు తిరుగుతుంది. రెక్కలు తిరుగుతూనే వుంటాయి, శక్తి ఖర్చవుతూనే వుంటుంది. గాలి మాత్రం ముందుకి పోదు. ఈ జబ్బు ఒక రెక్క నుంచి పక్క రెక్కకి పాకితే మొత్తం గాలి ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. విమానంలో అయితే ఫిరంగి పేలినట్టు చప్పుడవుతుంది.

టర్బైనులో ఈ ఇబ్బంది ఇంత లేదు. అక్కడ గాలి ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి పోతుంది. రైలు ఆఖరు స్టేషనుకి చేరినప్పుడు జనం దిగినట్టు; ఎవరూ తొయ్యక్కర్లేదు, ముసలాయన కూడా ఆ ప్రవాహంలో దిగిపోతాడు. దిగటానికీ ఎక్కటానికీ వున్న ఈ తేడా తెలియక మహామహులు పొరబడ్డారు. ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ 1884లో ఆవిరి టర్బైను కనిపెట్టాడు. ప్రపంచం ఆయనకి చేతులెత్తి నమస్కరించింది. టర్బైనుని వెనక్కి తిప్పితే కంప్రెసరవుతుంది గదా అని ఆయన అనుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అల్లాంటి యంత్రాలు తయారుచేశాడు కూడా. అవి తిన్న శక్తి ఎక్కువ, ఇచ్చిన ఒత్తిడి తక్కువ. కొన్నేళ్లు చూసి వాటిని విడిచిపెట్టాడు.

జబ్బేమిటో 1926లో ఎ. ఎ. గ్రిఫిత్ చెప్పాడు. ఆయన ఫార్న్‌బరోలోని విమాన పరిశోధనాలయంలో పనిచేసేవాడు. గాజు ఎందుకు పగులుతుందో అంతకుముందే తేల్చిచెప్పి పేరు తెచ్చుకున్నవాడు. అప్పటిదాకా చేసిన కంప్రెసర్లలో గాలి రెక్కలని వదిలేసి సుడులు తిరుగుతున్నదనీ, ఒక్కొక్క రెక్కనీ విమానం రెక్కలాగా చూసుకుని వంపు దిద్దాలనీ ఆయన రాశాడు. అంటే పాతికేళ్లపాటు అందరూ యంత్రం బలహీనమైనదనుకున్నారు. నిజానికి గాలికి చేతకాని పని చెప్పారు.

"పోతే కాస్త గాలి పోయింది, అంతేగా?" అన్నది మా ఆవిడ, నేనీ కథ చెప్పినప్పుడు. ఆవిడకి నేను రూపాయి లెక్క చెప్పాను. మీకూ చెపుతాను.

గ్యాస్ టర్బైనుతో కరెంటు పుట్టించి వూరికిచ్చిన మొదటి కేంద్రం స్విట్జర్లాండులోని నూషటెల్‌లో పెట్టారు. తయారుచేసింది బ్రౌన్ బొవెరీ కంపెనీ. 1939 జులైలో దాన్ని పరీక్ష చేసినవాడు, ఆ శాస్త్రంలో పితామహుడనదగిన ఎనభై యేళ్ల స్టొడోలా. టర్బైను సుమారు 15,400 కిలోవాట్లు సంపాదించింది. అందులో కంప్రెసరు తిన్నది 11,400. వూరికి మిగిలింది 4,000. పాత లెక్కలో చెప్పాలంటే రూపాయి సంపాదనలో పన్నెండణాలు కంప్రెసరుకే పోయింది. ఇంటికి చేరింది పావలా. చమురులోని వేడిలో కరెంటుగా మారింది నూటికి పదిహేడు పాళ్లు. అదే ఆనాటికి ఘనవిజయం! ఆ యంత్రం అరవై యేళ్లకు పైగా పనిచేసి 2002లో ఆగింది.

ఇప్పుడు ఆ కంప్రెసరు తన తిండిని పదోవంతు పెంచిందనుకోండి. 11,400కి బదులు 12,540 తింటుంది. మిగిలేది 2,860. తిండి పెరిగింది పదోవంతే. ఇంటికి వచ్చేది మాత్రం నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. నెల జీతంలో ముప్పాతిక భాగం అద్దెకే పోయే ఇంటికి, అద్దె పదోవంతు పెరిగితే ఏమవుతుందో గృహిణులకి వేరే చెప్పాలా? "అయితే ఆ అద్దె మీద కన్నేసి వుంచాల్సిందే," అని మా ఆవిడ వెంటనే ఒప్పుకున్నది.

మరి ఈ నష్టాలు ఎక్కడ దాక్కుంటాయి? ముఖ్యంగా మూడు చోట్ల. మొదటిది, రెక్క ఒంటిమీద. మందకొడి గాలిపొర రెక్క చివర దాకా వచ్చి, పడవ వెనక నీళ్లు కలగిపోయినట్టు, రెక్క వెనక కలగుడు గాలిగా మిగిలిపోతుంది. రెండోది, రెక్క గోడకి అతుక్కున్న మూల. గదిలో చీపురు అందని మూల ఎల్లాంటిదో, గాలికి అది అల్లాంటిది. రెక్క పొర, గోడ పొర అక్కడ కలుసుకుని రెండూ నీరసిస్తాయి. మూడోది, తిరిగే రెక్క కొసకీ బయటి తొడుగుకీ మధ్య సందు. తలుపు కింద సందులోంచి చలిగాలి దూరినట్టు, ఎక్కువ ఒత్తిడి వైపు గాలి ఆ సందులోంచి తక్కువ ఒత్తిడి వైపు జారుకుంటుంది. రెక్క ఎత్తులో నూరో వంతు సందు పెరిగితే సామర్థ్యం నూటికి ఒకటి రెండు పాళ్లు పడిపోవచ్చు. కేంబ్రిడ్జిలోని డెంటన్ అనే ఆచార్యుడు 1993లో ఈ పద్దులన్నీ ఒకచోట చేర్చి లెక్క చూశాడు. చాలా యంత్రాల్లో మూడు పద్దులూ ఇంచుమించు సమానమేనన్నాడు. అంటే ఒక్క కన్నం పూడ్చి ఊరుకుంటే లాభం లేదు. ధ్వనికన్నా వేగంగా గాలి వచ్చే ముందు వరసల్లో నాలుగోది కూడా వుంది. అంత వేగంలో గాలికి ముందున్న అడ్డు సంగతి ముందుగా తెలియదు. చీకట్లో గోడకి గుద్దుకున్నట్టు ఒక్కసారి తగ్గిపోతుంది. ఆ దెబ్బకీ కొంత శక్తి వృథా.

ఇన్ని నష్టాల మధ్య ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం మన పెద్దలు మెట్లెక్కే ఉపాయమే. ఒక్క ఉరుకులో కాదు, మెట్టు తరవాత మెట్టు. ఒక్కొక్క రెక్క దగ్గర గాలిని ఎంతవరకు నెమ్మదింపజెయ్యవచ్చో అమెరికాలో లీబ్లైన్ బృందం 1953లో ఒక అంకె తయారుచేసింది. ఆ అంకె 0.6 దాటితే నష్టం ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఇంజనీర్లకి అది లక్ష్మణరేఖ. 2008 మార్చి దాకా మన వూరి విమానాలు బేగంపేటలో దిగేవి. ఇప్పుడు శంషాబాదులో దిగుతున్నాయి. అక్కడ దిగే ఎన్నో విమానాలకి లీప్ అనే ఇంజనుంది. దాని వెనక కంప్రెసరులో పది మెట్లు. ఆ పది కలిసి గాలి ఒత్తిడిని 22 రెట్లు చేస్తాయి. వింటే ఎంతో అనిపిస్తుంది. కాని మెట్టు మెట్టుకీ లెక్క వేస్తే ఒక్కొక్కటి చేసేది సుమారు 1.36 రెట్లే. ఇంతోటి యంత్రమూ గాలిపొర ఓపిక చూసుకునే నడుస్తున్నది.

ఈ పనిలో మన వూరికీ భాగముంది. కంచన్‌బాగ్‌లో రక్షణశాఖ వారి లోహ పరిశోధనాలయం వుంది. అది 1963లో ఏర్పడింది. దాని పొరుగునే 1973లో పుట్టిన మిశ్రధాతు నిగమ్, అందరూ మిధాని అంటారు. జాగ్వార్, హాక్ విమానాలకి అడూర్ అనే ఇంజను వుంటుంది. దాని పై ఒత్తిడి కంప్రెసరులో అయిదు మెట్లు. మెట్టుకొక టైటానియం చక్రం. రెక్కలు ఆ చక్రానికే అమరుతాయి. ఆ జాతి టైటానియం ఒక మొండి లోహం. వేడిచేసి అచ్చులో పెడితే అచ్చు తగిలిన చోట చల్లబడి బిగుసుకుంటుంది. అందుకని అచ్చునీ ఇంచుమించు అంతే వేడిలో వుంచి, 2,000 టన్నుల ప్రెస్సుతో మెల్లగా అదిమే పద్ధతి మనవాళ్లు సాధించారు. అయిదు మెట్ల చక్రాలూ ఆ పద్ధతిలో తయారయ్యాయనీ, మిధాని 200 చక్రాలు చేసి బెంగుళూరు హెచ్.ఎ.ఎల్.కి పంపిందనీ 2021 మేలో ప్రకటించారు. చక్రం చేస్తే గాలి నష్టానికేమిటి సంబంధం అనకండి. నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు చక్రం ఏ మాత్రం సాగినా, రెక్క కొస దగ్గర సందు మారిపోతుంది. ఆ సందు ఖరీదు ఇందాకే చెప్పుకున్నాం.

ఇక, చెపుతానన్న సంగతి.

అప్పుడు నాకు ముప్ఫయి దాటాయి. ఒక డీజిలు షెడ్డులో చార్జిమన్‌ని. షెడ్డు పేరెందుకు లెండి. డీజిలు రైలింజనులో కూడా ఒక కంప్రెసరు వుంటుంది. ఇంజను విడిచే పొగతో ఒక టర్బైను తిరుగుతుంది. అదే ఇరుసు మీద వున్న కంప్రెసరు చక్రం స్వచ్ఛమైన గాలిని కూరి సిలిండర్లకి పంపుతుంది. విమానంలోలాగా వరసలుండవు, ఒకే చక్రం, దాని చుట్టూ కదలని రెక్కలు. అయినా గాలిపొర ధర్మం ఒకటే.

మా షెడ్డులో ఒక ఇంజను తోటి ఇంజన్లకన్నా ఎక్కువ డీజిలు తాగటం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి లెక్కల్లో తేడా కనిపించింది. రెండో నెల తేడా పెరిగింది. డీజిలు పోసే చోట ఒక ఖలాసీ వుండేవాడు. కొత్తగా పెళ్లయింది, కొత్త సైకిలు కొన్నాడు. కొత్త సైకిలు ఎక్కడిదని నలుగురూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ ఇంజనుకి పోసే డీజిలు విషయంలో అనుమానమున్నదని రెండు వాక్యాల రిపోర్టు రాసి పైకి పంపాను. అతన్ని అక్కడి నుంచి తీసేసి మరో వూరు పంపారు. విచారణ తేలేదాకా ఇంక్రిమెంటు ఆపారు. పోయేముందు నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, నేను తియ్యలేదు," అన్నాడు. "విచారణలో చెప్పుకో," అన్నాను.

అతను పోయిన తరవాత కూడా డీజిలు ఖర్చు తగ్గలేదు. పైగా ఇంజను నల్లటి పొగ కక్కుతున్నదనీ, ఎత్తు మీద లాగటం లేదనీ డ్రైవర్లు రాయటం మొదలుపెట్టారు. ఆ ఇంజను పెద్ద మరమ్మతుకి వచ్చినప్పుడు టర్బోని విప్పించాను. కంప్రెసరు చక్రం మీదా, చుట్టూ వున్న రెక్కల మీదా, మాడిన పెనం మీది నల్లటి పొరలాగా నూనే దుమ్మూ కలిసి గట్టిగా పట్టేసింది. గాలి వడగట్టే జల్లెడ సరిగ్గా కూర్చోక ఒక పక్క సందు వుండిపోయింది. మురికి పట్టి రెక్క గరుకయితే గాలిపొర మందం పెరుగుతుంది, త్వరగా నీరసిస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. సిలిండర్లకి గాలి చాలక డీజిలు సగం మండి పొగయిపోతుంది. మా దొంగ ఎవరో తెలిసింది.

అయితే నన్ను పొడిచింది అది కాదు. ఆ కంప్రెసరు పంపే గాలి ఒత్తిడి ఎంతో చూపించే గడియారం ఇంజనులోనే వుంటుంది. పరీక్ష చేసినప్పుడల్లా ఆ అంకె పుస్తకంలో రాస్తారు. వెళ్లి ఆ పుస్తకం తిరగేశాను. అయిదు నెలలుగా అంకె మెట్టు మెట్టుగా దిగుతూనే వుంది. ప్రతి అంకె పక్కనా సంతకం వుంది. ఆ సంతకాలు నావే. చూడకుండా చేసినవి.

చక్రం శుభ్రం చేయించి, జల్లెడ బిగించి ఇంజను పంపాం. ఖర్చు మామూలుకి వచ్చింది. నేను రెండో రిపోర్టు రాశాను. మొదటి రిపోర్టుకి రెండు వాక్యాలు సరిపోయాయి. ఇది రెండు పేజీలయింది. పుస్తకంలో నా సంతకాల సంగతీ రాశాను. మొదటి దానికి పది రోజుల్లో ఫలితం వచ్చింది. రెండో దానికి ఎనిమిది నెలలు పట్టింది. అతను తిరిగి వచ్చాడు. ఇంక్రిమెంటూ వచ్చింది. నేను వెళ్లి, పొరపాటు నాదేనని చెప్పాను. తలూపాడు. తరవాత చాలా యేళ్లు ఒకే షెడ్డులో పనిచేశాం. చెప్పిన పని చేసేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు. నేను తెప్పించిన టీ మాత్రం ఒక్కనాడూ తాగలేదు.

కాలం గడిచేకొద్దీ గ్యాస్ టర్బైన్లకి కలిగే నష్టంలో పెద్ద వాటా కంప్రెసరు రెక్కల మీది మురికిదేనని తరవాత పుస్తకాల్లో చదివాను. విజ్జేశ్వరంలో, జేగురుపాడులో 1990లలో కరెంటు కోసం గ్యాస్ టర్బైన్లు పెట్టినప్పుడు, అల్లాంటి చోట్ల కంప్రెసరుకి స్నానం చేయిస్తారని విన్నాను. యంత్రాన్ని ఆపి, చల్లార్చి, మెల్లగా తిప్పుతూ, సబ్బు కలిపిన శుద్ధజలం చిమ్మి కడుగుతారు. విమానం ఇంజన్లకీ ఈ స్నానం వుంది. కోట్ల ఖరీదు చేసే యంత్రానికి ఆఖరి వైద్యం మా ఆవిడ ఆదివారం కార్యక్రమమే!

మా పెద్దమ్మాయి పెళ్లికి షెడ్డులో అందరికీ శుభలేఖలిచ్చాను. అతనికీ ఇచ్చాను, వస్తాడనుకోలేదు. భార్యనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటి ముందు గదిలో కూర్చోపెట్టాను. బయట ఎండ పేలిపోతున్నది. నెత్తిమీద ఫ్యాను తిరుగుతున్నది గాని గాలి అంతంతమాత్రం. మా ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. అతను గ్లాసు అందుకుని, తల పైకెత్తి ఒక్క క్షణం చూసి, "సార్, ముందు ఆ రెక్కలు తుడిపించండి," అన్నాడు. అని టీ తాగాడు.

స్టూలు మీద నిలబడి మనవడికి ఇదంతా చెప్పేసరికి గుడ్డ ఆరిపోయింది. వాడు చివరిదాకా విని, "మరి ఆ తాతకి సారీ చెప్పావా?" అన్నాడు. చెప్పానన్నాను. "ఎన్ని సార్లు?" అన్నాడు. దానికి జవాబు ఆలోచిస్తున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, ఇంకా రెండు రెక్కలున్నాయి," అన్నది. మావాడు గుడ్డ తడిపి తెచ్చి చేతికిచ్చాడు.